జనం లేని దీవికి పడవలో

ప్రశ్న: మా అమ్మాయి బార్బడోస్‌లో ఉంటోంది. ఈసారి వెళ్తే టొబాగో కేస్ దీవులు చూపిస్తానంటోంది. నాకు 58 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చా?
– ఓ సోదరి, చిత్తూరు

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. పేరు చూసి ట్రినిడాడ్ పక్కనున్న టొబాగో అనుకునేరు. ఇవి కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ అండ్ ది గ్రెనడీన్స్ దేశానివి. ఐదు బుల్లి దీవులు. కాపురాలు లేవు, హోటళ్ళు లేవు. దగ్గర్లోని యూనియన్ ఐలాండ్ అనే దీవిలో పడవ ఎక్కొచ్చు. 2024 జులై 1న బెరిల్ తుపాను ఆ దీవిని నేలమట్టం చేసినంత పని చేసింది, అందుకని బస, పడవ ముందే మాట్లాడుకోండి. జూన్ నుంచి నవంబర్ దాకా తుపాన్ల కాలం, అప్పుడు వద్దు.

మోకాళ్ళకి కష్టం దిగేటప్పుడే. మేం వెళ్ళినప్పుడు మమ్మల్ని ఇసుక దగ్గర నీళ్ళలోకే దింపారు. పడవాయన్ని చెయ్యి ఇమ్మని అడగండి, మొహమాటం వద్దు. చీర కంటే చుడీదార్ మేలు.

ఆ ఐదింట్లో ఒకటైన బరదాల్ దీవి దగ్గర నేను నడుంలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాను. అడుగున ఓ పచ్చ తాబేలు, మా తిరుపతి పొలాల్లో ఆవులాగే, తాపీగా గడ్డి కొరుక్కుంటోంది. ఊపిరికి తల పైకెత్తి, మళ్ళీ మునిగింది. దాన్ని ముట్టుకోకూడదు, తరమకూడదు.

తాగునీళ్ళు, పులిహోర పట్టుకెళ్ళండి. ఖాళీ కవర్లు మాత్రం తిరిగి తెచ్చేయండమ్మా.