జర్మన్ పొడుగు మాటల్లో సంధి కలపకు

కోడలు పిల్లా,

జర్మన్ భాషలో బీ2 స్థాయి నోటి పరీక్ష దగ్గరపడుతోందని, పొడుగాటి మాట కనబడితే నోరు తిరగడం లేదని రాశావు. ఇక్కడి ఆస్పత్రి వార్డుల్లో ఇన్నేళ్ళు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: అతుకు ఎక్కడుందో తెలిస్తే ఎంత పొడుగు మాటైనా నోటికి వచ్చేస్తుంది.

నర్సుగా నువ్వు తరచూ వినబోయే మాటే తీసుకో: అర్బైట్స్‌ఉన్‌ఫేయిష్‌కైట్స్‌బెషైనిగుంగ్. జబ్బు చేసింది, పనికి రాలేరు అని డాక్టరు రాసిచ్చే సర్టిఫికెట్. జర్మన్ లిపిలో 32 అక్షరాలు. అర్బైట్ అంటే పని, ఉన్‌ఫేయిష్‌కైట్ అంటే చేయలేకపోవడం, బెషైనిగుంగ్ అంటే సర్టిఫికెట్. ముందు ఈ ముక్కల మధ్య పెన్సిల్‌తో నిలువు గీతలు పెట్టు. సిలబుల్స్ విడగొట్టడం ఆ తర్వాతే: అర్-బైట్స్ | ఉన్-ఫే-యిష్-కైట్స్ | బె-షై-ని-గుంగ్. మొత్తం పది. మధ్యలో వచ్చే ‘స్’ అతుకు కోసం చేరింది, దాన్ని ముందు ముక్కతోనే పలకాలి. వార్డులో అందరూ దీన్ని ‘ఆ-ఊ’ అని పొడి అక్షరాల్లో తేల్చేస్తారు, అయినా పూర్తి మాట నేర్చుకో.

మన నాలుక ఇబ్బంది పెట్టేది సరిగ్గా ఆ గీతల దగ్గరే. ‘వాడు ఎక్కడ’ను ‘వాడెక్కడ’ చేసే అలవాటు కదా, ఇక్కడా ‘అర్బైట్సున్‌ఫేయిష్’ అని కలిపేస్తాం. జర్మన్ సమాసంలో సంధి లేదు. రెండో ముక్క అచ్చుతో మొదలైతే దాని ముందు గొంతు ఒక్క క్షణం బిగించి వదలాలి. దాన్నే క్నాక్‌లౌట్ అంటారు. రాత్రి భోజనాన్ని ‘ఆబెంట్-ఎసెన్’ అనాలి. రాతలో ‘డ్’ ఉన్నా ముక్క చివర పడింది కాబట్టి ‘ట్’ అవుతుంది. ‘ఆబెండెసెన్’ అన్నావంటే గొంతు బిగింపూ పోయింది, ‘ట్’ కూడా పోయింది.

అతుకు చోటు మారితే అర్థమే మారే మాటలున్నాయి. వాఖ్-ష్టూబె అంటే కాపలా గది, వాక్స్-టూబె అంటే మైనం ట్యూబు. రెండింటికీ స్పెల్లింగు ఒకటే! పూలకుండీ మట్టి బ్లూమెన్-టోప్ఫ్-ఏర్డె. ‘బ్లూమెన్‌టో-ప్ఫేర్డె’ అని విరిస్తే చివర గుర్రాలు వచ్చి పడతాయి.

ఇంకోటి, హల్లు చివర ఉకారం తగిలించకు. బీపీ చూసే పరికరం బ్లూట్-డ్రుక్-మెస్-గె-రేట్, ఐదు సిలబుల్స్. ‘బ్లూటుడ్రుక్కుమెస్సుగెరేటు’ అంటే తొమ్మిదవుతాయి, ఎదుటివారికి ఏమీ అర్థం కాదు.

ఊనిక, అంటే నొక్కి పలకడం, దాదాపు ఎప్పుడూ మొదటి ముక్కదే, మిగతావాటిని కాస్త తగ్గించి పలుకు. శతాబ్దం అనే ‘యార్‌హున్‌డెర్ట్’ లాంటివి కొన్ని ఎదురు తిరుగుతాయి, అందులో ఊనిక ‘హున్’ మీద. అర్థం, లింగం మాత్రం చివరి ముక్కవి: బెషైనిగుంగ్ స్త్రీలింగం కాబట్టి మొత్తం మాటకూ ముందు వచ్చేది స్త్రీలింగపు ‘డీ’యే.

సాధన చివరి నుంచి చెయ్యి. బెషైనిగుంగ్ నోటికి పట్టాక దాని ముందు ఒక్కో ముక్కా చేర్చుకుంటూ రా. జర్మనీలోని మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమెర్న్ రాష్ట్రంలో ఒకప్పుడు వచ్చిన గొడ్డుమాంసం లేబుళ్ళ చట్టం పేరు, 63 అక్షరాలది, ఎవరో పంపితే బట్టీ పడుతున్నావట. 2013లోనే అది రద్దయింది, వదిలెయ్. ఆ సమయంలో మందుల పెట్టెలో ఉండే కాగితం, పాకుంగ్స్‌బైలాగె, రోజుకొకటి పైకి చదువు.

ఆదివారంలోగా ‘గెబూర్ట్స్‌ఉర్‌కుండె’కు, అంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్‌కు, గీత పెట్టి, పలికి, రికార్డు చేసి పంపు. గొంతు ఎక్కడ బిగించావో విని చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అత్త