స్ప్రెడ్‌షీట్‌లో అంకెను ఎప్పుడూ కిందికే సవరించాలంటే? మా గుడ్ల అట్టల లెక్క

12.7 పెట్టెలు అని వస్తే దశాంశాలు తగ్గించే బటన్ నొక్కానని, అది 13 చూపిస్తోందని, 12 దగ్గరే ఆగాలంటే ఏం చేయాలని అడిగారు. ముందు ఆ బటన్ సంగతి. అది అంకెను మార్చదు, కనిపించే తీరును మాత్రమే మారుస్తుంది. గడి లోపల 12.7 అలాగే ఉంటుంది. ఇది తెలియకే నేను ఒకసారి గుడ్ల వ్యాపారి ముందు తల దించుకోవాల్సి వచ్చింది.

మా కోళ్ల ఫారంలో మూడు షెడ్లు. అట్టకు 30 గుడ్లు. ఆ రోజు షెడ్ల వారీగా 2,845, 3,110, 1,975 గుడ్లు వచ్చాయి. 30తో భాగించి దశాంశాలు దాచేశాను. తెర మీద 95, 104, 66 కనిపించాయి. కింద మొత్తం మాత్రం 264 అని ఉంది. నోటితో కూడితే 265! కూడిక ఫార్ములాలోనే ఏదో తేడా ఉందనుకుని, ఫోనులో 265 అట్టలని చెప్పేశాను. బండి వచ్చాక చూస్తే నిండిన అట్టలు 262.

264 కూడా ఎందుకు కాలేదంటే, మా షెడ్లలో కోళ్ల వయసు వేరు, గుడ్డు సైజు వేరు. ఒక షెడ్డు గుడ్లను మరో షెడ్డు అట్టలో పెట్టం. అందుకని ఏ షెడ్డుకు ఆ షెడ్డు కిందికి సవరించి, తరువాత కూడాలి: 94, 103, 65. అన్నీ కలిపేసేవారైతే ముందు కూడి, చివర ఒక్కసారి సవరిస్తే చాలు. 7,930 గుడ్లకు 264 అట్టలు, 10 గుడ్లు మిగులు. మీ పెట్టెల్లో సరుకు కలుస్తుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

ఇక ఫార్ములా: =రౌండ్‌డౌన్(బి2/30, 0). ఇందులో బి2 అంటే గుడ్ల సంఖ్య ఉన్న గడి. పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ROUNDDOWN అని కొట్టాలి. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఇదే. చివరి సున్నా బదులు 2 పెడితే రెండు దశాంశాలు ఉంచుతుంది. -1 పెడితే 8,477 కాస్తా 8,470 అవుతుంది. 50 గుణిజానికి దించాలంటే =ఫ్లోర్(బి2, 50) (ఇంగ్లిష్‌లో FLOOR), అప్పుడు అదే 8,477 కాస్తా 8,450 అవుతుంది. (కూలి డబ్బుల మీద మాత్రం ఇవి వాడకండి. 8,477 రూపాయలను 8,470 చేసి, ఏడు రూపాయలకు మాట పడటం ఎందుకు?)

చాలామంది ఇంట్ (INT) అనే మరో ఫార్ములా వాడమంటారు. ధన సంఖ్యలకు రెండూ ఒకటే. రుణ సంఖ్య వస్తే దారులు వేరు: -2.5ను ఇంట్ -3 చేస్తుంది, రౌండ్‌డౌన్ -2 చేస్తుంది. వాపసులను మైనస్‌లో రాసే అలవాటుంటే చూసుకోండి.

మిగులుకు పక్క గడిలో =మాడ్(బి2, 30) (ఇంగ్లిష్‌లో MOD) పెట్టాను. మొదటి షెడ్డుకు అది 25 చూపిస్తుంది. అట్టలను 30తో గుణించి ఈ మిగులు కలిపితే మొత్తం గుడ్లు రావాలి. ఇప్పుడు అది సరిపోయాకే వ్యాపారికి ఫోను చేస్తున్నాను.