కారు వారంటీ ఫోన్లు: మనం చెప్పేదాకా వాళ్ళకు ఏమీ తెలియదు

డాలస్ దగ్గర ఆరు నెలల క్రితం పాత హోండా కొన్నానని, అప్పటి నుంచి రోజుకు రెండు మూడు సార్లు ‘మీ కారు వారంటీ ముగిసిపోతోంది, ఇదే చివరి అవకాశం’ అంటూ ఫోన్లు వస్తున్నాయని, ఒకసారి కంగారులో విన్ నంబరు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కూడా చెప్పేశానని రాశారు. ఇవి నిజమైనవేనా, ఆపడం ఎలా అన్నది మీ ప్రశ్న. నిజమైనవి కావు. ఇంత ధీమాగా చెప్పడానికి కారణం, 2021లో నేను 295 డాలర్లు కట్టి మరీ ఈ పాఠం నేర్చుకున్నాను.

అప్పట్లో మాది 2012 హోండా ఒడిస్సీ, లక్షా నాలుగు వేల మైళ్ళు తిరిగిన బండి. హోండా ఇచ్చే మామూలు వారంటీ మూడేళ్ళు లేదా 36,000 మైళ్ళు. ఇంజను, ట్రాన్స్‌మిషన్లకైతే అయిదేళ్ళు లేదా 60,000 మైళ్ళు. అంటే ‘ముగిసిపోతోంది’ అని నాకు ఫోను వచ్చేనాటికే అది ముగిసి నాలుగేళ్ళు. ఈ లెక్కకు అర నిమిషం చాలు. నేను వేసుకోలేదు. హైదరాబాదులో కారు ఉన్నప్పుడు షోరూము వాళ్ళే ఫోను చేసి సర్వీసు గడువు, ఇన్సూరెన్సు గడువు గుర్తు చేసేవారు. ఆ అలవాటు వల్ల ఇక్కడ కూడా ఫోనులో కారు మాట వినగానే మనవాళ్ళే అనుకున్నాను. పైగా ‘చివరి నోటీసు’ అన్న మాట వీసా మీద బతికేవాళ్ళను ఎంత బెదరగొడుతుందో మీకు చెప్పనక్కరలేదు.

ఫోను వచ్చిన నంబరు మా ఏరియా కోడుతో, నా నంబరులోని తర్వాతి మూడంకెలతోనే మొదలైంది. పిల్లల బడి నుంచేమో అని ఎత్తాను. రికార్డు చేసిన ఆడగొంతు. ఒకటి నొక్కితే మనిషి లైనులోకి వచ్చాడు. ‘మీ బండి ఏ సంవత్సరానిది?’ చెప్పాను. ‘ఏ కంపెనీ, ఏ మోడల్?’ అదీ చెప్పాను. ‘ఎన్ని మైళ్ళు?’ గరాజులోకి వెళ్ళి మీటరు చూసి మరీ చెప్పాను. కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత గంభీరంగా, ‘మా రికార్డుల ప్రకారం మీది 2012 హోండా ఒడిస్సీ, లక్షా నాలుగు వేల మైళ్ళు తిరిగింది, దీనికి ప్రస్తుతం ఏ రక్షణా లేదు’ అన్నాడు. అబ్బ, ఎంత వివరంగా ఉన్నాయి వీళ్ళ రికార్డులు అనుకున్నాను! రెండు నిమిషాల క్రితం నేనే వడ్డించినదాన్ని నా విస్తట్లోనే మళ్ళీ వడ్డిస్తున్నాడని తట్టలేదు. చిలక జోస్యం చెప్పేవాడు కూడా ముందు మన నోటితోనే అంతా చెప్పించుకుంటాడు. కనీసం అతని దగ్గర చిలకైనా ఉంటుంది.

ముందుగా 295 డాలర్లు, తర్వాత 18 నెలలు నెలకు 129 అన్నాడు. కాగితాలు పంపితే చదివి చెబుతానన్నాను. ఈ ధర ఈ ఫోను పెట్టేసేవరకే, కార్డు నంబరు ఇస్తేనే కాగితాలు అన్నాడు. ఆ క్షణంలో ఫోను పెట్టేసి ఉండాల్సింది. చదవడానికి ఇవ్వనివాడు ఏదో దాస్తున్నట్లే కదా.

కాగితాలు పన్నెండు రోజులకు వచ్చాయి. ఏమేమి బాగు చేస్తారో ఒక పేజీ, ఏమేమి చేయరో ఆరు పేజీలు. ‘సహజంగా అరిగిన భాగాలు’ చేయరు. ‘కాంట్రాక్టు నాటికే ఉన్న లోపాలు’ చేయరు. లక్ష మైళ్ళు దాటిన బండిలో ఈ రెండింటిలోకి రానిది ఏముంటుంది? అర్వింగ్‌లో మా పాత మెకానిక్‌కు చూపిస్తే నవ్వాడు. ఇలాంటి కాగితంతో వచ్చే బండిని ముట్టుకోవాలంటే ముందు వాళ్ళ అనుమతి రావాలి, వాళ్ళ మనిషి వచ్చి చూడాలి, అప్పటిదాకా బండి నా లిఫ్టు మీదే వేలాడుతుంది అన్నాడు.

నా కాంట్రాక్టులో 30 రోజుల్లోగా రద్దు చేసుకోవచ్చన్న వాక్యం ఎక్కడో చివర ఉంది. సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరం పంపాను. చప్పుడు లేదు. అప్పుడు కార్డు బ్యాంకుకు రాసి ఆ చెల్లింపును వివాదంలో పెట్టి, కార్డు నంబరు మార్పించుకున్నాను. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా బిల్లులోని తప్పు మీద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు క్రెడిట్ కార్డుకు చట్టంలోనే ఉంది. డబ్బు తిరిగి వచ్చింది. అదే బ్యాంకు చెకింగ్ ఖాతా నంబరు ఇచ్చి ఉంటే ఇంత తేలికగా తెమిలేది కాదు.

ఇంకో మాట. వీళ్ళు అమ్మేది అసలు వారంటీ కాదు, సర్వీసు కాంట్రాక్టు. వారంటీ కారు ధరలోనే కలిసి వస్తుంది. ఇది విడిగా డబ్బు పోసి కొనుక్కునేది. సర్వీసు కాంట్రాక్టులన్నీ మోసమని నేను అనను. తయారీ కంపెనీయే డీలర్ ద్వారా అమ్మేవి ఉన్నాయి, వాటిని తీరికగా చదువుకుని కొనవచ్చు. టెక్సస్‌లోనైతే ఇవి ఇచ్చే సంస్థలు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖలో నమోదై ఉండాలి, పేరు అక్కడ వెతికి చూసుకోండి. నేను మాత్రం ఆ 129 డాలర్లు ప్రతి నెలా విడిగా పొదుపు ఖాతాలో వేశాను. తర్వాత ఆల్టర్నేటర్ పోయినప్పుడు అందులోంచే తీశాను.

ఇక ఆపడం సంగతి. ఒకటే కాదు, ‘జాబితా నుంచి తొలగించడానికి రెండు నొక్కండి’ అన్నా నొక్కవద్దు. నేను రెండు నొక్కి చూశాను. ఈ నంబరు వెనుక నిజంగా మనిషి ఉన్నాడని వాళ్ళకు తెలిసిపోయినట్లుంది, మరుసటి వారం ఫోన్లు రెట్టింపయ్యాయి. అమ్మకపు ఫోన్లు వద్దనేవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన డు నాట్ కాల్ జాబితాలో ఉచితంగా నమోదు చేసుకోండి. 2003 నుంచి ఉన్నదే. దొంగలు దాన్ని లెక్కచేయరు, నిజమే. అయితే నిజాయితీ గల కంపెనీలు మానేస్తాయి కాబట్టి, ఆ తర్వాత కూడా అమ్మకానికి వచ్చే కొత్త ఫోన్లను మొదటే అనుమానించవచ్చు. అసలు మన అనుమతి లేకుండా సెల్‌ఫోనుకు రికార్డు చేసిన అమ్మకపు కాల్ చేయడమే ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ గొంతు వినపడగానే పెట్టేయవచ్చు. తెలియని నంబర్లు మోగకుండా చేసే సౌకర్యం ఐఫోనులో ఉంది గానీ, ఉద్యోగం వెతుక్కుంటూ రిక్రూటర్ల ఫోన్ల కోసం ఎదురుచూసే మనవాళ్ళకు అది కుదరదు. మీ ఫోను కంపెనీ ఉచితంగా ఇచ్చే స్పామ్ వడపోత పెట్టుకోండి.

మీకొక్కరికే వస్తున్నాయని బెంగపడకండి. ఒకే ముఠా 2021 మొదటి మూడు నెలల్లో 500 కోట్లకు పైగా ఇలాంటి కాల్స్ చేసిందని ఇక్కడి టెలిఫోను వ్యవహారాలు చూసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చింది. 2022 జులైలో ఆ కాల్స్‌ను మోయవద్దని టెలిఫోను కంపెనీలను ఆదేశించింది, 2023 ఆగస్టులో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ ఆదేశం తర్వాత మా ఇంట్లో ఫోన్లు బాగా తగ్గాయి, ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఉత్తరంలో మీ కారు మోడల్ సరిగ్గా ఉన్నా నమ్మవద్దు, ఆ సమాచారం బజారులో అమ్ముడుపోతుంది.

విన్ నంబరు చెప్పినందుకు నిద్ర పాడుచేసుకోకండి. అది విండ్‌షీల్డ్ కింద దారినపోయేవాడికి కూడా కనిపించేదే. కార్డు, బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబర్లలో ఏది చెప్పి ఉన్నా ఈ రోజే బ్యాంకుకు ఫోను చేయండి. వారంటీ ఎంత మిగిలిందో తెలియాలంటే హోండా డీలర్ సర్వీసు కౌంటరుకు మీరే ఫోను చేసి అదే విన్ నంబరు చెప్పండి, చూసి చెబుతారు.

పోయిన ఏడాది మా మామగారు ఒంగోలు నుంచి వచ్చారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. నా ఫోను మోగితే ఎత్తారు. అవతలివాడు వారంటీ అనగానే, ‘ఏ బండి సార్? బండి నంబరు చెప్పండి, చూస్తాను’ అని ఇంగ్లీషులో అడిగారు. కాసేపు ఏ శబ్దమూ లేదు. మళ్ళీ అడిగారు. అవతల పెట్టేశారు. మామగారు ఫోను నా చేతికిస్తూ, ‘పాపం, అతని దగ్గర ఫైలు ఉన్నట్లు లేదు, వెతుక్కుని మళ్ళీ చేస్తాడేమో చూడు’ అన్నారు.