ఉయ్యాల తాడు

రాజమండ్రి,
ఫిబ్రవరి, 2025

అమ్మాయీ,

లండన్‌లో వాన్ గో అనే చిత్రకారుడి బొమ్మల ప్రదర్శన చూసి నువ్వు రాసిన వ్యాసం అందింది. గ్యాలరీలో నిలబడి రాసుకున్న నోటుబుక్కు పేజీలు కూడా ఫోటోలు తీసి పంపావు. మంచి పని చేశావు. వ్యాసం రెండుసార్లు చదివాను. నోటుబుక్కు పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీ నాన్న ఫోన్ చేసి, "మాస్టారూ, బాగుందా? పత్రికకి పంపమంటారా?" అని అడిగాడు. ఇంకా ఉడకలేదురా అన్నాను. నా దగ్గర చదువుకునే రోజుల్లోనూ వాడంతే, పాఠం పూర్తవకుండానే మార్కులు అడిగేవాడు.

ముందు తిట్లు. అవి అయిపోతే ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది.

నీ మొదటి పేరా అంతా "పోస్ట్ ఇంప్రెషనిజం అనగా" ధోరణిలో నడిచింది. ఆ పేరు 1910లో పుట్టింది. లండన్‌లో గ్రాఫ్టన్ గ్యాలరీస్‌లో రోజర్ ఫ్రై అనే కళావిమర్శకుడు వాన్ గో, సూరా, గోగాన్, సెజాన్ లాంటి చిత్రకారుల బొమ్మలతో ప్రదర్శన పెడుతూ, వీళ్ళని ఏమని పిలవాలో తేలక, ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల తరవాత వచ్చినవాళ్ళే కదా అని ఆ పేరు తగిలించాడు. అప్పటికి వాన్ గో పోయి ఇరవై ఏళ్ళు. సూరా 1891లో, గోగాన్ 1903లో, సెజాన్ 1906లో పోయారు. తమని అలా పిలుస్తారని ఆ నలుగురిలో ఒక్కరికీ తెలియదు. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయిన సూరానీ, ఒకే కొండ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగిన సెజాన్‌నీ ఒకే గాటన కట్టిన పేరది. దాంతో వ్యాసం మొదలుపెడితే, పెళ్ళి ఎలా జరిగిందని అడిగినవాళ్ళకి శుభలేఖ చదివి వినిపించినట్టుంది.

రెండో పేరాలో వాన్ గో చెవి కోసుకున్న కథ వచ్చింది. వస్తుందని నాకు తెలుసు. వాన్ గో అనగానే చెవి, పిచ్చి, పస్తులు వరసగా వచ్చేస్తాయి. నీ నోటుబుక్కులో మాత్రం చెవి మాటే లేదు. మరి వ్యాసంలోకి ఎక్కడినుంచి వచ్చింది? మూడో పేరాలో "ఆకాశంలో సుడులు తిరిగే నక్షత్రాలు" అన్నావు. ఆ సుడులున్న బొమ్మ 1889లో వేసింది, న్యూయార్క్‌లో ఉంటుంది. నువ్వు లండన్ నేషనల్ గ్యాలరీలో చూసింది అంతకు ముందు సంవత్సరం రోన్ నది ఒడ్డున వేసినది. అందులో ఆకాశం నిలకడగానే ఉంది, వణుకుతున్నవి నీళ్ళలో పడిన దీపాల నీడలు. అది నీ నోటుబుక్కులో సరిగ్గానే ఉంది: "దీపాల వెలుగు నీళ్ళలో పొడుగ్గా సాగింది, బ్రష్ అడ్డంగా తెగ్గొట్టాడు." ఎదురుగా ఉన్నదాన్ని ఇంత బాగా చూసి, ఇంటికొచ్చి ఎక్కడో విన్నది రాశావు.

కోప్పడుతున్నానని అనుకోకు. ఈ తప్పు నేను ఇంతకంటే ఘనంగా చేశాను. 1979లో ఒక వారపత్రికకి వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద వ్యాసం రాశాను. అప్పటికి నేను చూసింది లైబ్రరీ పుస్తకంలో అరచేతిలో సగం ఉన్న నలుపు తెలుపు అచ్చు. అయినా "కళ్ళు మిరుమిట్లు గొలిపే పసుపు" అని ధైర్యంగా రాసేశాను. అది అచ్చయిన పదిరోజులకి ఒక డ్రాయింగు మాస్టారు కార్డు రాశారు. ఒకే వాక్యం: "అయ్యా, ఆ పసుపు తమరు చూశారా?" కింద సంతకం. ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు 2011లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అసలు బొమ్మ ముందు నిలబడితే ఏ మిరుమిట్లూ లేవు. ఎండిపోతున్న పూలు, కొన్ని రేకులు రాలి విత్తనం కట్టినవి. పసుపు చాలాచోట్ల మట్టిరంగులోకి దిగింది. వాన్ గో వాడిన క్రోమ్ ఎల్లో అనే పసుపు రంగులో కొన్ని రకాలు వెలుతురు తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతాయట. ముప్ఫై రెండేళ్ళు ఆలస్యంగా ఆ మాస్టారికి మనసులోనే జవాబు చెప్పుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ నోటుబుక్కు నాలుగో పేజీలో, కింద మూలగా, పెన్సిలుతో మూడు ముక్కలు రాశావు: "తాడు చేతిలో ఉంది. ఉయ్యాల ఏది? అమ్మమ్మ." వ్యాసంలో దీని జాడే లేదు. ఎందుకు తీసేశావు? లండన్‌లో, అంత గొప్ప గ్యాలరీలో అమ్మమ్మ ఉయ్యాల తాడు గుర్తొచ్చిందంటే నవ్వుతారనుకున్నావా?

ఆ ప్రదర్శనలో ఆ గోడ మీద మూడు బొమ్మలు కలిపి పెట్టారు. మధ్యలో బోస్టన్ నుంచి వచ్చిన 'లా బెర్సూజ్', అంటే జోలపాట. ఒక పక్క లండన్‌వాళ్ళ పొద్దుతిరుగుడు పూలు, రెండో పక్క ఫిలడెల్ఫియా నుంచి తెచ్చినవి. ఆ అమరిక వాన్ గో మనసులో ఉన్నదే. 1889 మే నెలలో తమ్ముడు తియోకి రాసిన ఉత్తరంలో, మూడింటినీ ఇలా పక్కపక్కన పెట్టాలని చిన్న బొమ్మ గీసి మరీ చూపించాడు. మధ్యలో కూర్చున్నావిడ ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊరి స్టేషన్‌లో తపాలా పని చేసే రూలాన్ భార్య, ఒగస్టీన్. ఆవిడ ఒళ్ళో ఐదారు నెలల పిల్ల ఉండాల్సిన సమయం అది. ఒళ్ళో ఉన్నవి చేతులు, చేతుల్లో ఉయ్యాల తాడు. ఆ తాడు అంచు దాటి బయటికి పోతుంది. ఉయ్యాలా లేదు, పిల్లా లేదు. ఆ పోజులోనే ఐదుసార్లు వేశాడాయన. మొదలుపెట్టింది 1888 డిసెంబరులో, ఆ నెలాఖర్లోనే ఆయనకి మతి తప్పింది, జనవరిలో మళ్ళీ అందుకున్నాడు. నీ చెవి కథ ఈ రెండు నెలల మధ్యదే. చెప్పాలనుకుంటే ఇక్కడ, ఈ తాడు పక్కన, ఒక్క వాక్యంలో చెప్పు. అప్పుడు చదివేవాడి గుండెకి తగులుతుంది.

ఆ బొమ్మ ఎందుకు వేశాడో కూడా ఉత్తరాల్లో రాసుకున్నాడు. ఐస్‌లాండ్ దాకా వేటకి పోయే జాలర్ల పడవ గదిలో ఇది తగిలిస్తే, అలల మీద ఊగుతూ, వాళ్ళ అమ్మ పాడిన జోల వాళ్ళకి గుర్తురావాలట. కొనుక్కునే షావుకార్లని ఊహించుకుని వేసింది కాదు. నీకు అమ్మమ్మ గుర్తొచ్చిందంటే ఆ బొమ్మ తన పని తాను చేసింది. ఆయన తలుచుకున్న జాలరి వరసలో నువ్వు నిలబడ్డావు, అది వదిలేసి రోజర్ ఫ్రై వరసలోకి పోయావు.

కాబట్టి వ్యాసం ఆ తాడుతో మొదలుపెట్టు. మొదటి రెండు పేరాలు తీసి పక్కన పెట్టు, ఏడవకుండా.

భాష గురించి అడిగావు, బ్రష్‌స్ట్రోక్‌కి తెలుగు ఏమిటని. కొత్త మాట పుట్టించకు, నాకు అలాంటివాటితో పడదు. బ్రష్, కాన్వాస్, ఫ్రేము అందరికీ తెలిసినవే. బ్రష్ ఏం చేసిందో చెప్పడానికి మాత్రం మన ఇళ్ళలో కావలసినన్ని మాటలున్నాయి. రంగు మెత్తాడా, పూశాడా, అలికాడా, రాచాడా, గోకాడా? గోడకి గార వేసినట్టుందా, పెసరట్టు తిప్పినట్టుందా? నువ్వు రోజూ రంగు కలిపే మనిషివి, ఈ తేడాలు నీ మణికట్టుకి తెలుసు. నాలాంటివాడు ఎంత చదివినా అది రాయలేడు. నీ వ్యాసంలో మణికట్టు ఒక్కచోట కూడా కనబడలేదు.

ఇంకో చిక్కుంది. తెలుగులో 'పచ్చ' అంటే రెండు రంగులు. పచ్చటి చేను అంటే ఒకటి, పచ్చటి ముఖం అంటే ఇంకొకటి. నువ్వు "పచ్చటి నేపథ్యం" అని రాశావు. లండన్ బొమ్మలో పసుపుపచ్చ పూల వెనక గోడా పసుపే. ఫిలడెల్ఫియా బొమ్మలో వెనక ఉన్నది నీలం కలిసిన ఆకుపచ్చ. ఏ బొమ్మ గురించి చెబుతున్నావో నాకు తెలియలేదు. నిమ్మపండా, గంధమా, ముద్దబంతా, పాతబడ్డ పట్టుచీర జరీయా, ఏదో ఒకటి తేల్చి రాయి. పడకగది బొమ్మలో "ప్రశాంతమైన నీలం గోడలు" అన్నావు చూడు, ఆ గోడలు లేత ఊదా అని వాన్ గో తన ఉత్తరంలో రాశాడు. కలిపిన ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. నీకు నీలం కనబడితే నీలం అనే రాయి, తప్పు లేదు. వెలిసిన నీలమని తెలిసి రాస్తే నీ వాక్యం ఇంకోలా నడుస్తుంది.

ఒక్కసారి చూసి వచ్చి రాయడం కష్టం. రిల్కే అనే కవి 1907 అక్టోబరులో పారిస్‌లో సెజాన్ బొమ్మల ప్రదర్శనకి ఇంచుమించు రోజూ వెళ్ళి, చూసింది భార్యకి ఉత్తరాలుగా రాసేవాడు. ఒకరోజు తనతో వచ్చిన చిత్రకారిణి, సెజాన్ తాను వేసేదాని ముందు కుక్కలా కూర్చుని ఊరికే చూసేవాడని అంది. ఆ మాట ఆయన తన ఉత్తరంలో రాసిపెట్టాడు. మన దగ్గర కుక్కతో పోలిస్తే తిట్టు అనుకుంటారు కానీ, వీధి అరుగు మీద మధ్యాహ్నం పూట కూర్చున్న కుక్కని ఒకసారి చూడు. దానికి ఏ వ్యాసమూ రాసే పని లేదు, అందుకే అన్నీ చూస్తుంది.

సెజాన్ సంగతే ఇంకొకటి. వొలార్ అనే బొమ్మల వ్యాపారి 1899లో తన బొమ్మ కోసం ఆయన ముందు 115 సార్లు కూర్చున్నానని రాసుకున్నాడు. అంతా అయ్యాక చేతి మీద రెండు చిన్నచోట్ల రంగు పడకుండా ఉండిపోయింది. అదేమిటని అడిగితే, అక్కడ ఏదో ఒక రంగు పెట్టేస్తే, ఆ చోటునుంచి మొదలుపెట్టి బొమ్మంతా మళ్ళీ వేయాల్సి వస్తుందన్నాడట. నీ వ్యాసంలో "అవ్యక్తానుభూతి", "వర్ణాల సింఫనీ", "కాలాతీతం" ఉన్న చోట్లు మూడూ అలాంటివే. మాట దొరకని చోట చేతికందింది పెట్టేశావు. వాటిని ఖాళీగా వదిలేసి పంపు, నేనేమీ అనుకోను.

ఆ ప్రదర్శన జనవరితో అయిపోయింది. జోలపాట బోస్టన్‌కీ, ఆ పక్క పూలు ఫిలడెల్ఫియాకీ వెళ్ళిపోతాయి. లండన్ పూలు నేషనల్ గ్యాలరీలోనే ఉంటాయి, టికెట్టు కూడా అక్కర్లేదు. కాలేజీ అయ్యాక ఒక సాయంత్రం వెళ్ళి కూర్చో. నోటుబుక్కు సంచిలోనే ఉంచు. పక్కన జోలపాట లేదు కాబట్టి ఇప్పుడా పూలు ఎలా కనబడుతున్నాయో చూడు.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చెయ్యి. మీ అమ్మమ్మ ఉయ్యాల తాడు చేత్తో లాగేదా, కాలి బొటనవేలికి కట్టుకుని ఊపేదా, అది చీర చింపిన పేలికా, కొబ్బరి తాడా, అడిగి రాసుకో. వ్యాసం ఉగాదికి పంపినా చాలు.

ఆశీస్సులతో,
మాస్టారు