నాజీ కాలపు పతకాలు సేకరిస్తానంటున్న మేనల్లుడికి

చి. శ్రీకర్‌కు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మ్యూనిక్‌లో ఎవరో డీలర్ నాజీ పార్టీ బంగారు బ్యాడ్జీ చూపించాడని, వెనక నంబర్ కూడా ఉందని, ఈ వారంలో తీసుకుంటే ధర తగ్గిస్తానన్నాడని రాశావు. కొనకు. అది అసలుదో నకిలీదో ఫొటో చూసి చెప్పలేను. అసలుదే అయినా ఈ దారిలో కొత్తగా అడుగుపెట్టేవాడు మొట్టమొదట కొనాల్సిన వస్తువు కాదది.

ఆ బ్యాడ్జీని 1933లో పెట్టారు. నాజీ పార్టీ సభ్యత్వ సంఖ్య లక్షలోపు ఉండి, మధ్యలో మానకుండా కొనసాగినవాళ్ళకు ఇచ్చేవారు. వెనక చెక్కిన అంకె ఆ సభ్యత్వ సంఖ్యే. హిట్లర్ తన ఇష్టప్రకారం ఇచ్చినవాటి మీద మాత్రం అతని పేరులోని ఎ.హెచ్. అన్న పొడి అక్షరాలు, తేదీ ఉంటాయి. ఉలి పట్టినవాడెవడైనా అంకె చెక్కగలడు కదా! అది ఎవరి అంకె అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పార్టీ సభ్యత్వ కార్డుల్లో ఉంటుంది. 1945లో ఆ కార్డులన్నిటినీ గుజ్జు చేయమని మ్యూనిక్‌లోని ఒక కాగితపు మిల్లుకు పంపారు. మిల్లు యజమాని చెప్పినట్టు చేయకుండా అట్టే పెట్టాడు. తర్వాత అవి అమెరికన్ల చేతికి వచ్చాయి, 1994లో జర్మనీకి అప్పగించారు. ఇప్పుడు బెర్లిన్‌లో, జర్మన్ ప్రభుత్వ పాత రికార్డులు దాచే ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ డీలర్‌ను "ఈ నంబర్ ఎవరిదండీ?" అని ఒక్క మాట అడుగు. "అదంతా తర్వాత చూసుకోవచ్చు" అన్నాడంటే లేచి వచ్చెయ్.

అరుదైన వస్తువు ఎక్కడుంటే నకిలీలు అక్కడ మూగుతాయి. యుద్ధంలో ఇచ్చిన పెద్ద పతకం నైట్స్ క్రాస్ పొందినవాళ్ళు ఏడు వేల పైచిలుకు మాత్రమే. 1923 నవంబరు 9న మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన విఫల తిరుగుబాటులో ఉన్నవాళ్ళకోసం పెట్టిన బ్లడ్ ఆర్డర్ అంతకంటే అరుదు. వేల యూరోలు పలికే సరుకు కాబట్టి, మంచి పనివాడు నెలల తరబడి కూర్చుని నకిలీ చేసినా అతనికి గిట్టుబాటే. కాబట్టి నువ్వు అలాంటి పనివాళ్ళు అంతగా పట్టించుకోని కింద మెట్టు మీద మొదలుపెట్టు. సైనికులకిచ్చిన రెండో తరగతి ఐరన్ క్రాస్ పతకం ఒకటి కొనుక్కో. లక్షల్లో ఇచ్చారు కాబట్టి వంద, నూటయాభై యూరోల్లో దొరుకుతుంది. దాంట్లోనూ నకిలీలు లేకపోలేదు, కానీ దెబ్బ తగిలినా తట్టుకోగలవు.

కొన్నాక దాన్ని పెట్టెలో పెట్టెయ్యకు, చేతిలో పెట్టుకుని చూడు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దానికి ముందొకటి వెనకొకటి వెండి రంగు ఫ్రేములు, అంచుల దగ్గర టంకం. అంటే మూడు ముక్కల వస్తువన్నమాట. అయస్కాంతం దగ్గరకు తెస్తే మధ్య పలక పట్టుకోవాలి. ఇత్తడి పలకతో చేసిన అసలైనవీ ఉన్నాయి గానీ వాటి జోలికి ఇప్పుడే పోకు. పక్కకు తిప్పి అంచు చూడు, రెండు ఫ్రేములూ కలిసిన గీత సన్నగా కనబడుతుంది. దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ కూడా ఉంటుంది. ఇప్పుడు కంసాలి వాడే లూప్ (చిన్న భూతద్దం) పెట్టి ఫ్రేమ్ లోపలి గీతల మీద ఉన్న చిన్న చిన్న పూసలు చూడు. అసలైనవాటిలా అచ్చు కొట్టినదైతే ఒక్కో పూస విడివిడిగా తెలుస్తుంది. చాలా నకిలీల్లా పోత పోసినదైతే ఎండకు మెత్తబడిన బెల్లం ముక్కలా అంచులు కరిగినట్టుంటాయి, సూది మొనంత గుంటలు కూడా కనబడతాయి. ఈ తేడా కంటికి అలవాటయ్యేదాకా రెండో వస్తువు కొనకు.

మేకర్ మార్క్, అంటే తయారుచేసిన కంపెనీ గుర్తు, చూసి మురిసిపోయేవాళ్ళను నేను చాలామందిని చూశాను. దుకాణాల్లో అమ్మకానికి చేసినవాటి మీద ఎల్ అక్షరంతో నంబర్, ప్రభుత్వం నేరుగా ఇచ్చేవాటి మీద ఉత్త నంబర్ ఉండేది. బెర్లిన్‌లోని యుంకర్ కంపెనీకి మొదటి రకం మీద ఎల్/12, రెండో రకం మీద ఉత్త 2 అన్నమాట. అయితే మార్క్ లేని అసలైనవి బోలెడు, మార్క్ ఉన్న నకిలీలు అంతకంటే బోలెడు. పైగా వియన్నాలో సూవాల్ లాంటి కంపెనీ యుద్ధం తర్వాత కూడా పాత పతకాలను తయారుచేసి అమ్మింది. మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. సుభాష్ చంద్రబోస్ 1942లో జర్మనీలో ఉండగా పెట్టిన ఆజాద్ హింద్ పతకాలను చేసిందీ ఈ సూవాలే. వాటిలోనూ తర్వాత చేసినవి తిరుగుతున్నాయి. "నేతాజీ పతకం" అనగానే మనవాళ్ళు పర్సు తీస్తారని అమ్మేవాడికి బాగా తెలుసు.

నా మాట వింటే లోహంకంటే ముందు కాగితం వెతుకు. పతకంతో పాటు ఇచ్చిన ధ్రువపత్రం మీద సైనికుడి పేరు, హోదా, యూనిట్, తేదీ, అధికారి సంతకం ఉంటాయి. ఆ యూనిట్ ఆ తేదీన ఎక్కడుందో పుస్తకాల్లో చూసుకోవచ్చు. సైనికుల రికార్డులు కూడా 2019 నుంచి ఫెడరల్ ఆర్కైవ్స్ కిందకే వచ్చాయి, రాసి అడగొచ్చు. 1941-42 చలికాలంలో తూర్పు యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకు ఇచ్చిన పతకం ఉంది చూడు, సైనికులే దాన్ని "గడ్డకట్టిన మాంసం పతకం" అని ఎగతాళి చేసుకునేవారు. విడిగా అయితే చవక సరుకు. అదే ఒక మనిషి పేరున్న కాగితంతో, అతని సైనిక పుస్తకంతో కలిసి దొరికితే, పేరూ ఊరూ లేని నైట్స్ క్రాస్ కంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

ఆ కాగితమే ఆ పతకం ఎందుకిచ్చారో కూడా చెబుతుంది. 1944 జనవరిలో పెట్టిన పార్టిజన్ల (జర్మన్ ఆక్రమణపై తిరగబడ్డ గెరిల్లాల) వ్యతిరేక పోరు బ్యాడ్జీ వేలాల్లో మంచి ధర పలుకుతుంది. కంచుకు 20 రోజులు, వెండికి 50, బంగారానికి 100 రోజుల "పోరు". బెలారస్‌లో ఆ పోరు పేరుతో ఊళ్ళకు ఊళ్ళే జనంతో సహా తగలబెట్టారు. తల్లులకిచ్చిన మదర్స్ క్రాస్ నీలం ఎనామిల్‌తో ముచ్చటగా ఉంటుంది, నలుగురు పిల్లలుంటే కంచు, ఆరుగురుంటే వెండి, ఎనిమిది మంది ఉంటే బంగారం. యూదు తల్లికి మాత్రం అది లేదు. ఇవి కొనడం తప్పని నేననను. ఎవరైనా అడిగితే ఈ సంగతులు కూడా చెప్పగలగాలి, అంతే. చెప్పడం ఇబ్బందనిపిస్తే కొనడం మానెయ్. 2019లో మ్యూనిక్ వేలంలో హిట్లర్ టోపీ వచ్చినప్పుడు జెనీవా వ్యాపారి అబ్దల్లా షతీలా దాన్నీ, ఇంకొన్నిటినీ కొని, నియో-నాజీల చేతుల్లో పడకుండా యూదు సంస్థకు ఇచ్చేశాడు. ఈ సరుకు కోసం పక్కన కూర్చుని చెయ్యెత్తేవాళ్ళలో ఎలాంటివాళ్ళుంటారో దీన్నిబట్టి ఊహించుకో. "హీరోలు", "గౌరవం" అంటూ మొదలుపెట్టే అమ్మకందారుతో బేరమే వద్దు.

చట్టం సంగతి. జర్మనీలో నీ ఇంట్లో ఉంచుకుంటే నేరం కాదు. స్వస్తిక గుర్తు నలుగురికీ కనబడేలా పెడితే శిక్షాస్మృతి 86ఎ కింద మూడేళ్ళదాకా జైలు పడొచ్చు. చదువుకు, పరిశోధనకు మినహాయింపులున్నా నీ వాట్సాప్ స్టేటస్ వాటిలోకి రాదు. మనింటి గుమ్మం మీద పసుపుతో వేసేదీ ఇదీ ఒకటి కాదని పోలీసులకు వివరించే టెన్షన్ నీకెందుకు? ఆస్ట్రియా ఇంకా కఠినం. గోడకు పెట్టుకోవాలని సరదాగా ఉంటే 1957 నమూనాలు కొనుక్కో. ఆ ఏడాది పశ్చిమ జర్మనీ చట్టం స్వస్తిక తీసేసిన రూపంలో సైనిక పతకాలు పెట్టుకోనిచ్చింది, ఐరన్ క్రాస్ మీద దాని స్థానంలో ఓక్ ఆకులు వచ్చాయి. పార్టీ పతకాలకు ఆ అవకాశం ఇవ్వలేదు.

ఇంకొకటి, ఏదీ తోమకు. యుద్ధం చివర్లో జింక్‌తో చేసిన బ్యాడ్జీల మీద పూత అసలే పల్చన, బట్టతో రుద్దితే బూడిదరంగే మిగులుతుంది. పీవీసీ కవర్లలో పెట్టకు, తేమ తగలనివ్వకు.

ఐరన్ క్రాస్ కొన్నాక అంచు, రింగు, వెనక 1813 అన్న అంకె దగ్గరగా ఫొటోలు తీసి పంపు. ఆ పార్టీ బ్యాడ్జీ డీలర్ ఏమన్నాడో కూడా రాయి. ఖర్చు సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పుకో, నన్ను మధ్యలోకి లాగకు.

ఇట్లు,
మామయ్య