గోడెక్కిన చారల పాము కట్లపామేనా?

గోడెక్కిన పాము ఫొటో పంపి, అది కట్లపామేనా అని అడిగారు. తల వెనక నుంచే తెల్ల పట్టీలు, గోధుమ రంగు, గోడెక్కడం: మీరు చెప్పినవన్నీ విషం లేని వుల్ఫ్ స్నేక్ లక్షణాలే. కానీ ఫొటోలో పాము ముందు సగమే ఉంది. అందరూ తలే తీస్తారు, తేల్చేది వెనక సగం.

1. తోక వైపు చూడండి. వుల్ఫ్ స్నేక్ పట్టీలు తోకకేసి మాసిపోతాయి. కట్లపాముకి మెడ దగ్గర పలచన, వెనక్కి పోయేకొద్దీ జంటలు జంటలుగా స్పష్టం.

2. పిల్ల కట్లపాముకి మెడ దగ్గరా గుర్తులుంటాయి. అందుకే వెన్ను మధ్య పొలుసుల వరస కూడా ఫొటోలో కావాలి: అక్కడి పొలుసులు పెద్దవిగా, ఒక్కోటి ఆరు భుజాలతో ఉంటే కట్లపామని అనుకోండి.

3. దూరం నుంచే, జూమ్‌లో తీయండి.

కరిస్తే మాత్రం ఫొటో కోసం ఆగకండి, వెంటనే 108. కట్లపాము కాటుకి నొప్పి, వాపు కనిపించకపోవచ్చు.