జర్మనీలో నెట్ ఆగిందా? ముందు డబ్బా మీద లైటు చూడండి

"అన్నా, ఇంట్లో నెట్ రావట్లేదు" అని మొబైల్ డేటా మీద మెసేజ్ వస్తుంది. నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: రౌటర్ మీద డీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే నెట్) లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా?

ఆరి వెలుగుతుంటే, గోడలోంచి వచ్చే రాగి తీగకూ మీ రౌటర్‌కూ ఇంకా లంకె కుదరలేదు. నిలకడగా ఉన్నా నెట్ లేదంటే చాలావరకు తీగ బాగానే ఉండి లాగిన్ దగ్గర ఆగిందని అర్థం. కంపెనీ పోస్టులో పంపిన కాగితం తీసి యూజర్ నంబరు, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి. ఆ కాగితం చెత్తలో పడేసినవాళ్లు ఎంతమందో! ఈ దేశంలో పోస్టులో వచ్చిన కాగితం ఏదైనా సరే, అర్థం కాకపోయినా దాచండి. ఇక లాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెడితే నెట్ పరుగెత్తి, ఫోన్‌లో మాత్రమే పాకుతుంటే అది వైఫై గొడవ. దానికి కంపెనీవాళ్లను తిట్టి లాభం లేదు.

లైటు ఆరి వెలుగుతుంటే గోడ దగ్గరికి వెళ్లండి. అక్కడుండే సాకెట్‌ని టీఏఈ అంటారు. మామూలుగా దానికి మూడు గాడులుంటాయి. మధ్యది ఎఫ్, అటూ ఇటూ ఎన్. డీఎస్ఎల్ కేబుల్ మధ్య గాడిలోకే వెళ్లాలి. ఇంట్లో రెండు మూడు సాకెట్లుంటే, బయటి తీగ నేరుగా వచ్చి చేరేది ఏదో కనిపెట్టి అందులోనే పెట్టండి. మన దగ్గర బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడినవాళ్లు ఫోన్‌నీ నెట్‌నీ విడదీసే స్ప్లిటర్ ఎక్కడుందని వెతుకుతుంటారు. ఇక్కడ ఇప్పుడు దాని అవసరం లేదు, ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా రౌటర్‌కే తగిలిస్తాం. ఇండియాలో ఇంట్లో పాత డీఎస్ఎల్ మోడెమ్ పడుంది కదా అని తెచ్చుకోకండి. మన లైన్లు అనెక్స్ ఏ పద్ధతివి, జర్మనీవి బీ, జే. ఆ బరువుకి అరకిలో కందిపొడి వస్తుంది. రౌటర్ కంపెనీ ఇచ్చిందే వాడాలన్న నియమం మాత్రం లేదు. 2016 ఆగస్టు 1 నుంచి మనకు నచ్చింది కొనుక్కోవచ్చు.

నా తప్పు కూడా చెప్పాలి. రెండో ఇంట్లో రోజూ సాయంత్రం నెట్ తెగేది. వచ్చీరాని జర్మన్‌లో హెల్ప్‌లైన్‌కి మూడుసార్లు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. చివరికి ఒక ఆదివారం బ్రౌజర్‌లో మా రౌటర్ ఫ్రిట్జ్‌బాక్స్ పేజీ తెరిచి డీఎస్ఎల్ వివరాలు చూశాను. అందులో లైన్‌లోని రొదకి, సిగ్నల్‌కి మధ్య ఎంత ఊపిరి మిగిలిందో డెసిబెల్స్‌లో చూపించే అంకె ఒకటుంటుంది. మామూలుగా 6 అటూ ఇటూ ఉండాలి. నాది 1, 2 మధ్య కొట్టుకుంటోంది. పక్కనే సీఆర్సీ తప్పుల (దారిలో చెడిపోయిన డేటా) లెక్క నా కళ్లముందే పెరుగుతోంది. మంచం పక్కన దీపం వేస్తే ఇంకా జోరుగా! సాకెట్ హాల్లో, రౌటర్ పడగ్గదిలో. రెంటికీ మధ్య చవగ్గా దొరికిందని కొన్న పదిహేను మీటర్ల ఫోన్ తీగ, తివాచీ కింద, ప్లగ్గుల పట్టీని ఆనుకుని. రౌటర్‌ని హాల్లోకి మార్చి, దాంతో వచ్చిన పొట్టి కేబుల్ తగిలించాక అంకె 8 దాటింది. పడగ్గదికి పొడుగ్గా లాన్ కేబుల్ వేశాను. పొడవు పెంచాలంటే ఆ వైపే పెంచాలి.

అదే పేజీలో సిగ్నల్ దారిలో ఎంత బలహీనపడిందో చెప్పే డాంపింగ్ అనే అంకె కూడా ఉంటుంది. వీధిలోని బూడిదరంగు పెట్టె నుంచి మీ ఇంటిదాకా తీగ ఎంత పొడవుంటే అంత పెరుగుతుంది. దాన్ని మనం మార్చలేం. అందుకే 250 ఎంబీపీఎస్ ప్యాకేజీ చూసి మురిసిపోకుండా, మీ చిరునామాకి నిజంగా ఎంత వస్తుందో సంతకానికి ముందే చూసుకోండి. ఒప్పందం మామూలుగా 24 నెలలు.

రాసిచ్చిన వేగం రాకపోతే టెలికాం కంపెనీలపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ బుండెస్‌నెట్జ్‌అగెంటూర్ వాళ్ల బ్రైట్‌బాండ్‌మెస్సుంగ్ అనే వేగం కొలిచే యాప్‌ని కంప్యూటర్లో వేసి, లాన్ మీద, మూడు వేర్వేరు రోజుల్లో కలిపి 30 సార్లు కొలవండి. ఆ రిపోర్టుతో బిల్లు తగ్గించమని అడగొచ్చు. 2021 డిసెంబరు 1 నుంచి అది చట్టమే. నెట్ పూర్తిగా ఆగిపోయి, ఫిర్యాదు అందాక రెండు రోజుల్లో బాగుచేయకపోతే మూడో, నాలుగో రోజులకు రోజుకి 5 యూరోలు లేదా నెల బిల్లులో 10 శాతం, ఐదో రోజు నుంచి 10 యూరోలు లేదా 20 శాతం, ఏది ఎక్కువైతే అది రావాలి. ఆగింది మన తప్పు వల్ల అయితే రాదు. ఫోన్ పెట్టేసేముందు ఫిర్యాదు నంబరు రాసుకోవడం మరవకండి.

టెక్నీషియన్ వస్తాడన్నప్పుడు ఇంకో సంగతి. మన పేర్లతో పెద్ద చిక్కు ఇది. ఒప్పందం పాస్‌పోర్టులోని ఇంటిపేరు మీద ఉంటుంది, బెల్లు మీద మనం పిలుపు పేరు రాసుకుంటాం. మా మొదటి ఇంట్లో నేను పొద్దున ఎనిమిది నుంచి కాఫీ కూడా కలుపుకోకుండా తలుపు దగ్గరే కూర్చున్నాను. అతను కింద బెల్లుల్లో నా ఇంటిపేరు వెతికి, దొరక్క వెళ్లిపోయాడు. మళ్లీ అపాయింట్‌మెంట్‌కి పన్నెండు రోజులు పట్టింది. ఇప్పుడు మా బెల్లు మీద, పోస్టు డబ్బా మీద రెండు పేర్లూ ఉన్నాయి.